గుత్తదారుడెవరు, పనివాడెవరు? – సర్కారు నోటీసునకు సంఘములు చెప్పవలసిన సమాధానము

సర్కారు కార్యాలయమునుండి నోటీసు వచ్చినదనగానే మన సహకార సంఘములలో రెండు విధములైన ప్రవర్తన కానవచ్చుచుండును. కొందరు కార్యదర్శులు దానిని విప్పి చూచి, అర్థము కాక, తరువాత చూతమని బల్లసొరుగులో పెట్టుదురు. మరికొందరు భయపడి, ఆ పూటయే పట్టణమునకు పోయి, ‘ఎట్లయినను దీనిని తప్పింపుడు’ అని వకీలును వేడుకొందురు. ఈ రెండును సంఘమునకు నష్టకరములే. మొదటిదానివలన గడువు దాటిపోవును. రెండవదానివలన నిజము మరుగున పడును.

మేమిచట ప్రస్తావింపదలచిన నోటీసు ఒక ప్రత్యేకమైన తెగకు చెందినది. దాని సారాంశమిది: ‘మీ గోదామున మూటలు మోయువారిని, కాటా వేయువారిని, రాత్రి కావలి యుండువారిని మీరు లెక్కలలో గుత్తదారులని వ్రాసి, వారి కిచ్చినదానిని గుత్తసొమ్మని చూపినారు. వారు మీ పనివారేయని మాకు తోచుచున్నది. వారి పక్షమున ప్రావిడెంటు ఫండునకును, ఇ.ఎస్.ఐ. భీమాకును చందా ఏల కట్టలేదో ఫలాని తేదీలోగా సంజాయిషీ చెప్పవలయును.’ భాష యెట్లున్నను, పుటలెన్ని యున్నను, అడిగెడి ప్రశ్న యింతియే. దీనికి తొట్రుపాటు లేక, దాపరికము లేక, గడువులోపల ఉన్నదున్నట్లు సమాధానము వ్రాయుటయే సంఘమునకు మేలనియు, అట్లు వ్రాయుటకు ముందు మన లెక్కలను మనమే శోధించుకొనవలెననియు మా యభిప్రాయము. అందులకు గల కారణములను సభ్యుల యెదుట నుంచుచున్నాము.

పేరు కాదు, పనితీరు

గుత్త యనగా నేమో రైతునకు ఒకరు నేర్పవలసిన పనిలేదు. స్వర్ణముఖి యొడ్డున రెండెకరముల మడి గలవాడు దానిని గుత్తకిచ్చినచో, ఏ విత్తనము చల్లవలయునో, ఎప్పుడు నాటవలయునో, ఎందరు కూలీలను పిలువవలయునో గుత్తకు తీసికొన్నవాడే నిర్ణయించుకొనును. పంట విరగపండినను, ఎండిపోయినను ఆ లాభనష్టములు వానివే. భూమి యజమానునకు రావలసినది ఒప్పుకొన్న గుత్త మాత్రమే. అదే మడిని పాలేరుచేత సేద్యము చేయించినచో, నేడు నాగలి కట్టుమని, రేపు కలుపు తీయించుమని, ఎల్లుండి నీరు పెట్టుమని చెప్పువాడు యజమానుడు. ఎద్దులు యజమానునివి, పనిముట్లు యజమానునివి, నష్టము వచ్చిన నదియు యజమానునిదే. పాలేరునకు జీతము.

ఇపుడొక యజమానుడు తన పాలేరును పిలిచి, ‘నేటినుండి నీవు నాకు గుత్తదారుడవు’ అని కాగితముపై వ్రేలిముద్ర వేయించుకొని, మరునాటి యుదయమున మరల ‘నాగలి కట్టుము’ అనినచో, వాడు గుత్తదారుడగునా? ఊరిలో నెవరును ఒప్పుకొనరు. న్యాయస్థానములును ఒప్పుకొనలేదు.

మన దేశపు సుప్రీముకోర్టు ఈ విషయమున చెప్పిన తీర్పులలో మొదట చెప్పుకొనదగినది ఉప్పు పండించువారి వ్యాజ్యము. సౌరాష్ట్రమున ధ్రాంగధ్రా కెమికల్ వర్క్సు వారు తమ ఉప్పు భూములను ముక్కలుగా విభజించి, అగరియాలను పనివారికి ఒక్కొక్క ముక్క అప్పగించి, మొదటి ఖర్చులకు 400 రూపాయలు ముందుగా నిచ్చి, మణుగు ఉప్పునకు 5 అణాల 6 పైల చొప్పున చెల్లించుచుండెడివారు. అగరియాలు కుటుంబములతో కూడ వచ్చి పనిచేయుదురు. కావలసినచో తామే కూలీలను పెట్టుకొందురు. ఇన్ని గంటలు పనిచేయవలెనను నియమము లేదు. వర్షములు పడగానే తమ గ్రామములకు పోయి సేద్యము చేసికొందురు. కంపెనీవారు వీరిని స్వతంత్ర గుత్తదారులనిరి. 1956లో సుప్రీముకోర్టు వీరు పనివారేయని తేల్చినది. ఏలయన, మడులు సిద్ధము చేయుట మొదలు ఉప్పు గడ్డకట్టువరకు అడుగడుగున కంపెనీ ఉద్యోగుల పర్యవేక్షణ కలదు; కంపెనీ తిరస్కరించిన ఉప్పును అగరియా మరియొకరికి అమ్ముకొనరాదు. ఏ పని చేయవలయునో చెప్పుటయేగాక, ఎట్లు చేయవలయునో చెప్పు హక్కు ఎవరికి కలదో వారే యజమానులని ఆ తీర్పు సారాంశము. పనివాడు తనవారిని తోడు తెచ్చుకొన్నంత మాత్రమున గుత్తదారుడు కాడు.

రెండవది మన తెలుగు దేశపు వ్యాజ్యము. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ అను కుట్టుపని దుకాణపు విషయమై 1973లో తీర్పు వచ్చినది. అచటి దర్జీలకు నెలజీతము లేదు. కుట్టిన బట్టను బట్టి కూలి. పని లేనినాడు రానక్కరలేదు. రాకపోయిన సెలవు అడుగనక్కరలేదు. కొందరు బట్టలను ఇంటికి తీసికొనిపోయి కుట్టుటయు కలదు. అయినను కుట్టు యంత్రములు దుకాణమువారివి, ఎట్లు కుట్టవలయునో చెప్పువారు దుకాణమువారు, సరిగా లేనిచో విప్పి మరల కుట్టుమనువారును వారే. కావున దర్జీలు పనివారేయని కోర్టు నిర్ణయించినది. చేతినేర్పుగల పనివారి విషయమున ఒక్క పెత్తనమునే చూడక, పనిముట్లెవరివి, లాభనష్టము లెవరివి, పనిని తిరస్కరించు హక్కెవరికి కలదు అనునవి యన్నియు కలిపి చూడవలెనని ఆ తీర్పు చెప్పుచున్నది.

మూడవది నోటీసు విషయమున మనకు ప్రత్యేకముగా ఉపయోగించునది. మహారాష్ట్రమున గోదావరీ గార్మెంట్సు అను సంస్థ కత్తిరించిన బట్టను స్త్రీల కిచ్చి, వారు తమ యిండ్లలో తమ సొంత యంత్రములపై కుట్టి తెచ్చినపుడు లెక్కచొప్పున కూలి యిచ్చుచుండెను. వీరి పక్షమున చందా ఏల కట్టలేదని ప్రావిడెంటు ఫండు అధికారులు 1991లో నోటీసు నిచ్చిరి. వ్యాజ్యము నడచి నడచి, 2019లో సుప్రీముకోర్టు ఆ స్త్రీలు సంస్థ పనివారేయని తీర్పు చెప్పినది. ఇరువది యెనిమిది సంవత్సరములు! ఇంతకాలము కోర్టుల చుట్టు తిరిగిన ఖర్చెంతయో, ఆ స్త్రీలలో ఎందరు వృద్ధులైరో సభ్యులే యూహించుకొనవచ్చును.

ఇట్లన్నంతమాత్రమున ప్రతి నోటీసును న్యాయమైనదే యని మేము చెప్పుట లేదు. 1958లో చింతామన్ రావు వ్యాజ్యమున అదే సుప్రీముకోర్టు మరియొక విధముగా నిర్ణయించినది. అందు బీడీ కర్మాగారమునకు సట్టేదారులను వారు బీడీలు సరఫరా చేయుదురు. వారు పొగాకు తీసికొనిపోయి, తమకిష్టమైన చోట, తమకిష్టమైనవారిచేత చుట్టించి తెచ్చి, లెక్కచొప్పున సొమ్ము పుచ్చుకొందురు. కర్మాగారమునకు వచ్చి పనిచేయవలెనను నిర్బంధము లేదు. ఎట్లు చేయింపవలెనో చెప్పువారు లేరు. వారు నిజముగా గుత్తదారులేయని కోర్టు ఒప్పుకొని యజమానిపై పడిన శిక్షను కొట్టివేసినది. కావున చట్టము గుత్తను నిషేధింపలేదు. గుత్త కానిదానికి గుత్త యను పేరు పెట్టుటను మాత్రము ఒప్పుకొనదు.

ఈ విచారము మన దేశమునకే పరిమితము కాదు. కాగితముమీది పేరునకంటె జరుగుచున్న పనికి ప్రాధాన్య మీయవలెనని 2006లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన 198వ సిఫారసున చెప్పినది. 2021 ఫిబ్రవరిలో ఇంగ్లండు దేశపు సుప్రీముకోర్టు ఊబరు కారు తోలువారు స్వతంత్ర వ్యాపారులను కంపెనీ వాదమును త్రోసివేసి, ఒప్పందపు కాగితముతో విచారణ మొదలుపెట్టరాదని స్పష్టముగా చెప్పినది. గోదాము హమాలీకిని లండను కారు తోలువానికిని న్యాయమొక్కటియే.

మన గోదామున నెవరు

ఈ గీటురాయిని మన సంఘపు పనులకు ఆనించి చూతము. ఎరువుల డిపోయందు ప్రతిదినము తాళము తీయువాడు, కాటా వేయువాడు, రసీదు వ్రాయు కుఱ్ఱవాడు, రాత్రి కావలివాడు – వీరికి రాకపోకల వేళలు సంఘమే చెప్పును, కాటా సంఘానిది, పొరపాటైన మందలించునది కార్యదర్శి, సెలవు కావలసిన అడుగవలసినది కార్యదర్శినే. వీరికి జీతమను మాట బదులు ఓచరుమీద ‘గుత్తపని నిమిత్తము’ అని వ్రాసినను వీరు పనివారే.

లారీ యజమానుని సంగతి వేరు. వాని లారీ వానిది, డీజిలు వానిది, తోలువాడు వానివాడు. నేడు మనకు వడ్లు తోలి, రేపు గూడూరు వర్తకునకు మరియొక సరుకు తోలును. త్రోవలో టైరు పగిలిన నష్టము వానిదే. గోదాము గోడ కట్టుటకు మొత్తముగా ఇంతయని ఒప్పుకొని తనవారితో కట్టిపోవు మేస్త్రియు, మోటారు చెడినపుడు వచ్చి బాగుచేసిపోవు మెకానిక్కును ఇట్టివారే. వీరిని పనివారని నోటీసులో వ్రాసినచో, అది పొరపాటని ధైర్యముగా, ఆధారములతో సమాధాన మీయవలయును.

చిక్కు వచ్చునది హమాలీ జట్లయొద్ద. జట్టులలోను రెండు విధములు కలవు. మొదటివిధపు జట్టు ఊరిలో వర్తకుడు పిలిచినను, రైసుమిల్లువారు పిలిచినను, సంఘము పిలిచినను పోయి, మూట కింతయని కూలి పుచ్చుకొని పంచుకొనును. ఏనాడు ఎవరి పనికి పోవలెనో జట్టే నిర్ణయించుకొనును. రెండవవిధపు జట్టు ఏండ్ల తరబడి సంఘపు గోదామునే కనిపెట్టుకొనియుండును. మూటలు ఎక్కడ నెత్తవలెనో, ఎంత యెత్తువరకు పేర్పవలెనో గుమాస్తా చెప్పును. మరియొకరి పనికి పోయినచో మరునాడు పని దొరకదు. కూలి మూటలెక్కననే యిచ్చినను ఈ రెండవజట్టు సంఘపు పనివారను వాదము బలమైనది. మన రాష్ట్ర శాసనసభ ముఠా, జట్టు, హమాలీ మున్నగు కాయకష్టము చేయువారి నిమిత్తము 1976లో ప్రత్యేకముగా ఒక చట్టమునే చేసియుండుట వీరి స్థితి ఎంత సందిగ్ధమైనదో తెలుపుచున్నది.

‘జట్టు మేస్త్రితోనే మాకు ఒప్పందము, కూలీలతో కాదు’ అని చెప్పి తప్పించుకొనవచ్చునని కొంద రనుకొందురు. 1952వ సంవత్సరపు ప్రావిడెంటు ఫండు చట్టమున పనివాడను మాటకు చెప్పిన యర్థములోనే, గుత్తదారుని ద్వారా సంస్థపనికి నియమింపబడినవాడును చేరియున్నాడు. 2025 నవంబరు 21వ తేదీనుండి అమలులోనికి వచ్చిన 2020వ సంవత్సరపు సామాజిక భద్రతా స్మృతియు ఇదే మార్గమున నున్నది. మేస్త్రి చందా కట్టనిచో, పని చేయించుకొన్న సంస్థయే ముందుగా కట్టి, తరువాత మేస్త్రియొద్ద రాబట్టుకొనవలెను. కావున మేస్త్రిని నడుమ నిలిపినంత మాత్రమున సంఘపు బాధ్యత తొలగదు.

నోటీసు చేతికందినపుడు

మొదట చేయవలసినది అది అందిన తేదీని దానిపై వ్రాసి, వచ్చిన కాగితముల రిజిష్టరున నెక్కించి, ఆ వారములోనే కార్యవర్గము ముందుంచుట. కార్యదర్శి యొక్కడే దానిని మోయరాదు. మన ప్రాంతము 2022 ఏప్రిలులో నెల్లూరు జిల్లానుండి విడిపోయి తిరుపతి జిల్లాలో చేరినది. కావున నోటీసు ఏ కార్యాలయమునుండి వచ్చినదో, సమాధానము ఎచటికి పోవలెనో కూడ జాగ్రత్తగా చదువవలెను.

పిదప నోటీసులో నాలుగు సంగతులు వెదకవలయును: ఏ చట్టము, ఏ కాలము, ఏ మనుష్యులు, ఎంత సొమ్ము. మనుష్యుల పేర్లు లేక, ‘కూలి ఖర్చులు’ అను పద్దు మొత్తముమీద లెక్కగట్టి చందా అడిగినచో, ఎవరి నిమిత్తము అడుగుచున్నారో తెలుపవలసినదని వ్రాతమూలముగా కోరవలెను. ఆ పద్దులో లారీ బాడుగ యుండవచ్చును, గోడ మేస్త్రికిచ్చిన సొమ్ము ఉండవచ్చును. అదియంతయు జీతము కాదు. భారత ఆహార సంస్థ గోదాములలో గుత్తదారులు పెట్టిన కూలీల విషయమై 1989లో సుప్రీముకోర్టు ఒక తీర్పు చెప్పినది. విచారణ చేయు అధికారికి సాక్షులను పిలిపించుటకు, లెక్కలు తెప్పించుటకు సివిలు కోర్టునకున్న అధికారములు కలవనియు, వాటిని ఉపయోగించి, గుత్తదారులను పిలిపించి, పనివారెవరో తేల్చిన పిమ్మటనే సొమ్ము నిర్ణయింపవలెననియు అందు చెప్పబడినది. గోదాముల వ్యాజ్యమే గావున మన సంఘములు దీనిని జ్ఞాపకముంచుకొనవలయును.

అటుపిమ్మట సంఘమే ఒక పట్టిక వ్రాసికొనవలెను. గుత్తదారుడని చూపిన ప్రతివాని యెదుట, ఏనాటినుండి పనిచేయుచున్నాడు, వేళ లెవరు చెప్పుదురు, పనిముట్లెవరివి, తనకు బదులు మరియొకని పంపవచ్చునా, ఇతరుల పనికి పోవచ్చునా, పని చెడిన నష్టమెవరిది, సొమ్ము ఏ లెక్కన నిచ్చుచున్నాము అను ప్రశ్నలకు నిజమైన సమాధానములు వ్రాయవలెను. దానితో వారు తామే రెండు గుంపులుగా విడిపోవుదురు. పనివారని తేలినవారిని ఒప్పుకొనవలెను. గుత్తదారులని తేలినవారిని గూర్చి చిట్టా, ఆవర్జా, రసీదులు, ఒప్పందములు చూపి వాదింపవలెను. సగము ఒప్పుకొని సగము వాదించువాని మాట అధికారి నమ్మును. అంతయు కాదనువాని మాట ఏదియు నమ్మడు.

సహకార సంఘములకు చట్టమున ఒక వెసులుబాటు కలదు. 50 మందికి తక్కువ పనివారుండి, విద్యుత్తు మున్నగు యంత్రశక్తి సహాయము లేకయే పనిచేయు సహకార సంఘములకు ప్రావిడెంటు ఫండు నియమములు వర్తింపవు. మొదటి షరతును మాత్రమే చదివి రెండవదానిని మరచుట పొరపాటు. వడ్లు దంచు మిల్లును కరెంటు మోటారుతో నడుపు సంఘము, తనకు 50 మంది లేరని చెప్పి యూరకుండుటకు వీలులేదు. సాధారణముగా 20 మంది పనివారున్న సంస్థలకు చట్టము వర్తించును. ఇచటనే గుత్త యను పేరులోని కిటుకంతయు నున్నది. జీతపు పట్టీలో 12 మందిని, గుత్త పద్దులో 10 మందిని చూపిన సంఘము తనకు చట్టము వర్తింపదనుకొనును. ఆ పదిమందియు పనివారని తేలినచో 22 మందియై, మొదటి పండ్రెండుగురి చందా కూడ బాకీ పడును.

నోటీసు వచ్చిన తరువాత వెనుకటి తేదీలతో ఒప్పందములు వ్రాయించుట, మస్తరు పుస్తకములు మార్చుట, హమాలీలచేత ‘మేము గుత్తదారులమే’ అని తెల్లకాగితములమీద వ్రేలిముద్రలు వేయించుకొనుట – వీటిని గూర్చి మేము కఠినముగానే చెప్పవలసియున్నది. ఇట్టి సలహా యిచ్చువాడు సంఘమునకు మిత్రుడు కాడు. చందా బాకీ సొమ్ముతో తీరిపోవును. దొంగకాగితము క్రిమినలు నేరమై కార్యదర్శి మెడకు చుట్టుకొనును. విచారణలో ఆ హమాలీనే పిలిచి, ఈ కాగితము ఎప్పుడు వ్రాసితివని అడిగినచో, వాడు అబద్ధమేల చెప్పవలయును?

వాయిదానాడు ఎవరును హాజరు కాకున్న, ఏకపక్షముగా ఆజ్ఞ వచ్చును. ఆజ్ఞ అన్యాయమని తోచినచో అప్పీలు కలదు. 1952 చట్టము క్రింద అప్పీలుకు సామాన్యముగా ఆజ్ఞసొమ్ములో నూటికి 75 వంతులు ముందుగా కట్టవలసియుండగా, క్రొత్త స్మృతిలో అది 25 వంతులకు తగ్గింపబడినది. పాతబాకీల విచారణను ఐదేండ్లు దాటిన పిమ్మట మొదలుపెట్టరాదని కూడ క్రొత్త స్మృతిలో నియమము చేరినది. పూర్వ మట్టి కాలపరిమితి లేకుండెను. ఇవి సంఘములకు అనుకూలములు, తగినచోట వాడుకొనవలెను.

లెక్క వేసి చూతము

నెలకు 12,000 రూపాయల కూలి పొందు ఒకని పక్షమున, నూటికి 12 వంతుల చొప్పున వాని చందా 1,440 రూపాయలు, సంఘపు చందా 1,440 రూపాయలు, వెరసి 2,880 రూపాయలు. ఏ నెల కానెల కట్టినచో సంఘము స్వంతముగా భరించునది స్వల్పమైన నిర్వహణ రుసుము గాక 1,440 మాత్రమే. కట్టక ఐదేండ్లు గడచినచో, అట్టి ఐదుగురికి చేరిన బాకీ 8,64,000 రూపాయలు. సకాలమున కట్టియున్న సంఘపు భారము అందులో సగమైన 4,32,000. తక్కిన సగము పనివారిది. కాని గడచిన నెలల చందాను తరువాతి కూలినుండి కోసికొనుటకు చట్టము ఒప్పుకొనదు. కావున రెండు సగములును సంఘమే భరింపవలసివచ్చును. దీనిపై 1952 చట్టము ననుసరించి సాలునకు నూటికి 12 వంతుల వడ్డియు, బాకీకి సమానమగువరకు నష్టపరిహారమును పడవచ్చును. కట్టకుండుటవలన మిగిలినదని మనమనుకొన్న సొమ్ము ఈ విధముగా వాటాదారులైన రైతుల వాటాధనమును మ్రింగును. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొన్న ఫలమేమి?

కొన్ని ఆక్షేపణలు

‘సంఘపు సొమ్ము రైతుల సొమ్ము, వేరుసెనగకు ధర లేక, వడ్లకు సొమ్ము సకాలమున రాక కష్టపడు రైతు హమాలీకి ఫించను కట్టవలయునా?’ అని కొందరడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. మన సంఘములు సంపన్నములు కావని మేమెరుగుదుము. కాని ఈ ఖర్చును మూటమీద హమాలీ కూలిలో చేర్చి ముందుగానే లెక్కగట్టినచో రైతునకు మూటకు పడునది స్వల్పము. ఐదేండ్ల పిమ్మట ఒక్కసారి పడునది సంఘమునే కూలద్రోయునంతటిది.

‘చందా కోసినచో చేతికి వచ్చునది తగ్గునని పనివాడే వలదనుచున్నాడు’ అని మరికొందరందురు. నిజమే, నేటి కూలి కంటికి కనబడినట్లు రేపటి ఫించను కనబడదు. అయినను సంఘపు చందాలో నూటికి 8.33 వంతు ఫించను నిధికి చేరును. పదేండ్ల సేవ నిండినవానికి వృద్ధాప్యమున నెలనెల కొంత వచ్చును. ఒక్క నెల చందా కట్టియుండి పనిలో నుండగా మరణించినవాని భార్యకును ఫించను హక్కు కలదు. వాడు వలదన్నను, వాని యిల్లాలికి రావలసినదానిని వలదను అధికారము వానికి గాని మనకు గాని లేదు. మూటలు మోసి మోసి నడుము వంగినవాడు మన వాకిటికి వచ్చి నిలిచినపుడు, చేతిలో పెట్టు నూరు రూపాయలు దయ యగును. సకాలమున కట్టిన చందా వాని హక్కగును.

మరియొక సంగతి. మన యిండ్ల పిల్లలు మేనకూరు పారిశ్రామిక కేంద్రమునకును, తడ, శ్రీసిటీ ప్రాంతములకును పనులకు పోవుచున్నారు. అచటి యజమాని వారిని గుత్తదారులని వ్రాసి ఫండు ఎగవేసినచో మనము ఊరకుందుమా? పిల్లవాని పక్షమున పలికిన నోటితోనే హమాలీ పక్షమునను పలుకవలయును. హమాలీయు ఏదో యొక రైతు కొడుకే.

సర్కారువారికిని మా విన్నపమొకటి కలదు. గ్రామ సంఘమునకు పంపు నోటీసు ఇంగ్లీషున నున్నచో అది చదువబడకయే గడువు తీరిపోవును. నోటీసు తెలుగున వ్రాయుట, పనివారి పేర్లు చూపుట, జరిమానాకు ముందు ఒకసారి గోదామునకు వచ్చి పనితీరు కన్నులార చూచుట – ఈ మూడును చేసినచో వ్యాజ్యములు సగము తగ్గునని మా నమ్మకము. పదిమంది జీతగాండ్రు గల గ్రామ సంఘమును, వేలమంది గల మిల్లును ఒకే కంట చూచుట న్యాయము కాదు.

సభ్యులు చేయవలసినది

వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ తీర్మానములను ప్రవేశపెట్టవలెనని మేము కోరుచున్నాము. నోటీసు రాకమునుపే, సంఘమున పనిచేయువారందరి పట్టికను కార్యవర్గము సిద్ధపరుపవలెను. పనివారని తేలినవారిని ఆ నెలనుండియే జీతపు పట్టీలో చేర్చి, చట్టము వర్తించినచోట చందా కట్టవలెను. నిజమైన గుత్తదారులతో వ్రాతపూర్వక మగు ఒప్పందము చేసికొని, వారు ఇతరుల పనులు చేయుచున్నట్లు తెలుపు కాగితములను దాచియుంచవలెను. సర్కారునుండి వచ్చిన ప్రతి నోటీసును తరువాతి సమావేశమున చదివి వినిపించి, పంపిన సమాధానమును మినిట్సులో నెక్కింపవలెను.

సహకార మనగా పదిమంది చిన్నవారు చేరి పెద్దవారి పెత్తనమునుండి తప్పించుకొనుట. అట్లు చేరినవారము మనకంటె చిన్నవానిపై అదే పెత్తనము చేయుచు, పేరు మార్చి బాధ్యత తప్పించుకొన్నచో, వడ్డీ వర్తకునకును మనకును భేదమేమి? సభ్యులు యోచింతురుగాక. ఈ విషయమై సభ్యులు తమ అనుభవములను, సందేహములను వ్రాసి పంపినచో రాబోవు సంచికలలో ప్రకటించి, మాకు తెలిసినంతవరకు సమాధానము లిచ్చెదము.